మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో డాలస్ చుట్టుపక్కల పాత ఊళ్ళకి ఒక్కరోజు ట్రిప్

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో ఆరు నెలలకని వస్తారు. గుడి, ఇండియన్ స్టోర్లు, మాల్, తెలిసినవాళ్ళ ఇళ్ళు మొదటి నెలలోనే అయిపోతాయి. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్దామన్నా నడక అడ్డం వస్తుంది. జూ అంటే మైళ్ళ నడక, పెద్ద మ్యూజియం అన్నా అంతే. "మీరు వెళ్ళి రండమ్మా, నేను ఇంట్లో ఉంటాను" అనేస్తారు పెద్దావిడ. ఆ మాట అనాల్సిన అవసరం రాకుండా ఒక రోజు ఎలా ప్లాన్ చేసుకోవాలో, మేం చేసే పద్ధతి రాస్తున్నాను.

మేం ఉండేది డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో. మా అత్తయ్యగారికి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. మావయ్యగారు తెనాలిలో రెవెన్యూ శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయన బాగానే నడుస్తారు గానీ ఆవిణ్ణి ఒక్కదాన్నే వదిలి ఎక్కడికీ కదలరు. వీళ్ళిద్దరికీ బాగా సరిపోయినవి టెక్సస్‌లోని చిన్న ఊళ్ళ పాత డౌన్‌టౌన్లు.

ఎందుకంటే టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీకీ ఒక ముఖ్య పట్టణం, అందులో ఒక కోర్టుహౌస్. చాలా ఊళ్ళలో ఆ కోర్టుహౌస్ సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది. చుట్టూ నాలుగు వీధులు, వాటికి అవతల కోర్టు వైపే ముఖం పెట్టుకుని వరసగా పాత దుకాణాలు. దీన్నే స్క్వేర్ అంటారు. చూడాల్సినదంతా ఒక్క బ్లాకు చుట్టూనే ఉంటుంది కాబట్టి, ఒక వైపు చూడటం అయ్యాక కారు తీసి ఇంకో వైపు పెట్టుకోవచ్చు. కోర్టు ముందు బెంచీ మీద కూర్చుంటే సగం ఊరు అక్కడి నుంచే కనిపిస్తుంది. 1999 నుంచి రాష్ట్ర చారిత్రక కమిషన్ ఈ పాత కోర్టుహౌస్‌లను బాగు చేయించడానికి ప్రత్యేకంగా ఒక కార్యక్రమం నడుపుతోంది. అందుకే చాలావాటిని ఇప్పుడు చూడముచ్చటగా పునరుద్ధరించారు.

ఊరు ఎంచుకునే ముందు మీ పెద్దవాళ్ళు ఒక్క విడతలో ఎంత నడవగలరో తెలుసుకోండి. వాళ్ళని అడిగితే "నాకేం, బానే నడుస్తాను" అంటారు. మేం కాస్ట్‌కో అనే పెద్ద స్టోర్‌లో చూసుకున్నాం. గుమ్మం దగ్గర నుంచి బండి పట్టుకుని వెనక పాలు పెట్టే గది దాకా వెళ్ళేసరికి అత్తయ్యగారు ఆగి, బండి మీదకి వాలి, రెండో కాలి మీదకి బరువు మార్చుకుంటారు. అదే ఆవిడ హద్దు. దానిలో సగం దూరాన్ని ఆరోజు లెక్కగా పెట్టుకుంటాను. కారు తలుపు దగ్గర నుంచి కూర్చునే చోటికి అంతకు మించకూడదు. తిరిగి కారు దాకా రావాలి కదా, ఆ నడకని జనం మర్చిపోతారు.

ఆ తర్వాత పని కంప్యూటర్ మీద. గూగుల్ మ్యాప్స్‌లో ఊరు తెరిచి, శాటిలైట్ బొమ్మ పెట్టి, పార్కింగ్ మీద రైట్ క్లిక్ చేస్తే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. కారు ఆపే చోటు నుంచి తలుపు దాకా కొలవండి. పక్కనే ఉన్నట్టు కనిపించేది ఒక్కోసారి మూడు వందల అడుగులు దాటుతుంది. స్ట్రీట్ వ్యూలో నాలుగు వీధులూ తిరిగి చూడండి. నేను చూసేవి ఇవి: వీల్‌చైర్ గుర్తున్న పార్కింగ్ ఎక్కడుంది, దాని పక్కనే పేవ్‌మెంట్ మీదకి ర్యాంప్ ఉందా లేక మూల దాకా వెళ్ళాలా, దుకాణాల ముందు మెట్టు ఎంత ఎత్తుంది, బెంచీలు ఎండలో ఉన్నాయా నీడలోనా. పాత ఊళ్ళలో పేవ్‌మెంట్లు ఒక్కోచోట మామూలు కంటే ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ళు సరిగా లేనివాళ్ళకి ఆ ఒక్క గట్టు దిగడం వంద గజాల నడక కంటే కష్టం.

వికలాంగుల సౌకర్యాల మీద 1990లో వచ్చిన చట్టం ఉన్నా, వందేళ్ళు దాటిన కట్టడాలకి ముందు గుమ్మం దగ్గర ర్యాంప్ ఉంటుందని అనుకోకండి. మెట్లు లేని దారి చాలాసార్లు పక్క వైపో వెనక వైపో ఉంటుంది. అందుకని ముందురోజు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగుతాను. మెట్లు లేని ఎంట్రన్స్ ఏ వీధి వైపు ఉంది? లిఫ్ట్ ఈరోజు పనిచేస్తోందా? రెస్ట్‌రూమ్ అదే ఫ్లోర్‌లో ఉందా? "యాక్సెసిబుల్‌గా ఉందా" అని మాత్రం అడగకండి. అందరూ ఉందనే అంటారు, తీరా వెళ్తే వెనక సందు చుట్టి రమ్మంటారు.

ఏ రోజు వెళ్ళాలన్నది కూడా ముఖ్యమే. కోర్టుహౌస్‌లు ఇప్పటికీ ప్రభుత్వ కార్యాలయాలైన ఊళ్ళలో శని, ఆదివారాలు లోపలికి వెళ్ళలేరు. చిన్న దుకాణాలు, యాంటిక్ షాపులు సోమ, మంగళవారాల్లో మూసేసి ఉండటం మామూలు. కాబట్టి గురువారమో శుక్రవారమో సెలవు పెట్టుకోగలిగితే రెండూ దొరుకుతాయి, జనమూ తక్కువ. పండగలు, ఫెస్టివల్స్ ఉన్న రోజు వద్దే వద్దు. వీధులు మూసేస్తారు, వాటితో పాటే దగ్గరి పార్కింగ్ కూడా పోతుంది. ఊరి వెబ్‌సైట్‌లో ఈవెంట్స్ పేజీ చూసుకోండి. జులై, ఆగస్టుల్లో వంద డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండ ఉంటుంది గనక మార్చి నుంచి మే మొదటి వారం దాకా, మళ్ళీ అక్టోబరు, నవంబరు బాగుంటాయి.

వీల్‌చైర్ గుర్తున్న చోట కారు పెట్టుకోవడానికి అద్దం దగ్గర తగిలించే కార్డుని పార్కింగ్ ప్లాకార్డ్ అంటారు. దీని సంగతి చాలామందికి తెలియదు. టెక్సస్‌లో దీనికి విటిఆర్-214 అనే ఫారం ఉంది. డాక్టర్ సంతకం చేశాక కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో ఇవ్వాలి. తాత్కాలికంగా ఇచ్చేది ఎరుపు రంగు, ఫీజు ఐదు డాలర్లు. శాశ్వతంగా ఇచ్చేది నీలం. విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ళకి ఏ ఐడీ చూపించాలో మీ కౌంటీ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోండి. ఒకటి గుర్తుంచుకోండి, ఆ ప్లాకార్డ్ వాళ్ళు కారులో ఉన్నప్పుడే వాడాలి.

ఇక కుర్చీ. దీని దగ్గరే ఇళ్ళలో గొడవ మొదలవుతుంది. "వీల్‌చైర్ ఏంటమ్మాయ్, నాకేమన్నా కాళ్ళు పడిపోయాయా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ బాధ నాకర్థమైంది. నలుగురిలో అలా కనిపించడం ఇష్టంలేదు. అందుకని సీటున్న నాలుగు చక్రాల వాకర్ కొన్నాం, ఇక్కడ రోలేటర్ అంటారు. నడుస్తున్నప్పుడు పట్టుకోవడానికి, అలిసిపోతే బ్రేకు వేసి కూర్చోవడానికి, బ్యాగు పెట్టుకోవడానికి. దాన్ని ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. బ్రేకు రెండు వైపులా లాక్ చేశాకే కూర్చోవాలి. మనిషి కూర్చుని ఉండగా దాన్ని తొయ్యకూడదు, అది అందుకు కట్టింది కాదు, బోల్తా పడుతుంది. తోసుకెళ్ళాలంటే మడిచే ట్రాన్స్‌పోర్ట్ చైర్ వేరే దొరుకుతుంది. దాని చక్రాలు చిన్నవి, ఇటుకలు పరిచిన చోట్ల సందుల్లో ఇరుక్కుంటాయి. ఇటుక వీధి వస్తే కొంచెం వెనక్కి వంచి వెనక చక్రాల మీద తీసుకెళ్ళండి.

మాకు బాగా నచ్చిన ఊరు వాక్సహాచీ. డాలస్‌కి దక్షిణాన ముప్ఫై మైళ్ళు, ఐ-35ఈ హైవే మీద. మేం తొమ్మిదిన్నర దాటాక బయల్దేరతాం, అప్పటికి ఆఫీసు ట్రాఫిక్ తగ్గుతుంది. గంట సేపు కదలకుండా కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి కాబట్టి, దిగే ముందు కారులోనే కాళ్ళు చాచి ముడిచి కాసేపు ఆడించమంటాను. స్క్వేర్ చేరగానే నేను వాళ్ళిద్దర్నీ తీసుకుని దిగుతాను, మా ఆయన కారు పెట్టి వస్తారు. మీరు ఒక్కరే డ్రైవ్ చేసుకుని వెళ్తే వాళ్ళని ముందు ఏసీ ఉన్న దుకాణంలో కూర్చోబెట్టి, అప్పుడు కారు పెట్టడానికి వెళ్ళండి. కారులో మాత్రం వదలకండి, ఇక్కడి ఎండకి నిమిషాల్లో లోపల ఉడికిపోతుంది.

అక్కడి ఎల్లిస్ కౌంటీ కోర్టుహౌస్ 1897లో పూర్తయింది. జేమ్స్ రైలీ గోర్డన్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు. ఎర్ర ఇసుకరాయి, గులాబీ రంగు గ్రానైట్, మధ్యలో గడియారపు గోపురం. దూరం నుంచి అందరూ ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు గానీ అసలు సరుకు గుమ్మాల దగ్గరుంది. వాకిళ్ళ స్తంభాల పైన, రాతి ఆకుల మధ్యలో మనుషుల ముఖాలు చెక్కారు. కొన్ని ప్రశాంతంగా ఉంటాయి, కొన్ని పళ్ళు బయటపెట్టి వికారంగా చూస్తుంటాయి. ఊళ్ళో ఒక కథ చెప్తారు. రాళ్ళు చెక్కడానికి వచ్చినవాడు తను బస చేసిన ఇంటి అమ్మాయిని ప్రేమించాడట. ఆ అమ్మాయి కాదనేసరికి, మొదట అందంగా వచ్చిన ముఖం పోను పోను అలా మారిందట. దీన్ని కథగానే వినాలి. కానీ పెద్దవాళ్ళకి కూర్చున్న చోటి నుంచి ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. ఫోన్ కెమెరా జూమ్ చేసి చేతికిస్తే ఒక్కో ముఖం వెతుక్కుంటూ కూర్చుంటారు. "మన గుడి స్తంభాల మీద యాళుల్లా ఉన్నాయే" అన్నారు అత్తయ్యగారు.

మావయ్యగారి ఆసక్తి వేరు. "ఇక్కడ అడంగల్ ఎవరు రాస్తారమ్మా?" అని అడిగారు. కరణాలు లేరు, భూమి కాగితాలు కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డవుతాయి, ఎవరైనా చూడొచ్చు అంటే ఆయనకి ఆశ్చర్యం. ఆ కబుర్లతో అరగంట అలా గడిచిపోయింది. పెద్దవాళ్ళు చేసిన ఉద్యోగానికి ఆ ఊళ్ళో ఏదైనా సంబంధం దొరుకుతుందా అని ముందే చూసుకోండి. టీచరైతే పాత లైబ్రరీ, రైల్వే అయితే పాత స్టేషన్. అప్పుడు వాళ్ళు మన వెంట వచ్చినవాళ్ళలా ఉండరు, వాళ్ళే మనకి చెప్తారు.

స్క్వేర్ దగ్గరే 1889 నాటి కట్టడంలో ఎల్లిస్ కౌంటీ మ్యూజియం ఉంది, చిన్నది. తర్వాత భాగమంతా కారులోనే. వెస్ట్ మెయిన్ వీధిలో నెమ్మదిగా వెళ్తే రెండు వైపులా పత్తి డబ్బుతో కట్టుకున్న పాత చెక్క ఇళ్ళు, వరండాలకి లేసు అల్లినట్టు చెక్క పని. అదే వీధిలో 1905లో తెరిచిన సిమ్స్ లైబ్రరీ ఉంది. రీడింగ్ రూమ్ చూడదగ్గది, కూర్చోవచ్చు, రెస్ట్‌రూమ్ ఉంటుంది, ఎవరూ ఏమీ కొనమని అడగరు. గెట్జెండానర్ పార్కులో 1902 నాటి ఎనిమిది పలకల సభామండపం కారు అద్దంలోంచి కూడా బాగా కనిపిస్తుంది. సెలవుల్లో టైమింగ్స్ మారతాయి, చూసుకుని వెళ్ళండి.

తిండి మాత్రం ఇంటి నుంచే. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ. ఈ ఊళ్ళలో బర్గర్లు, బార్బెక్యూ, మెక్సికన్ ఎక్కువ. మెక్సికన్‌లో బీన్స్, అన్నం ఉంటాయి కదా, శాకాహారమేగా అనుకుంటాం. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు చాలాచోట్ల, అన్నం చికెన్ నీళ్ళతో వండుతారు. ఆచారం పట్టింపు ఉన్నవాళ్ళని తీసుకెళ్తే ఆ రెండూ అడక్కుండా తినిపించకండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకి భోజనం టైము తప్పకూడదు. బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేది) వేసుకునేవాళ్ళకి పొద్దున రెండు మూడు గంటలు రెస్ట్‌రూమ్ దగ్గర్లో ఉండాలి. ట్రిప్ కోసమని ఆ మాత్ర మానేస్తారు కొందరు, మాననివ్వకండి. బయల్దేరే టైమే అటూ ఇటూ జరుపుకోండి.

ఏప్రిల్ అయితే వాక్సహాచీ నుంచి తూర్పున ఎనిస్ దాకా వెళ్ళండి. ఏప్రిల్ నెలంతా అక్కడ బ్లూబానెట్ పూల కోసం నలభై మైళ్ళ కారు దారులు గుర్తులు పెట్టి ఉంచుతారు. పొలాల నిండా నీలం పూలు, కారు దిగే పనే లేదు. ఇంటికొచ్చేటప్పుడు ఎనిస్‌లోనే ఐ-45 హైవే పక్కన బక్కీస్ అనే పెట్రోల్ బంకు, స్టోర్ ఉంది. రెస్ట్‌రూమ్‌లు శుభ్రంగా ఉంటాయి. స్టోర్ చాలా పెద్దది, పెట్రోల్ పంపు దగ్గర దింపితే లోపలికి నడవలేరు. నేరుగా తలుపు ముందుకి తీసుకెళ్ళండి.

మొదటిసారి అంత దూరం ఎందుకనుకుంటే మెకినీ వెళ్ళండి, ప్లేనో, ఫ్రిస్కో వాళ్ళకి పక్కనే. 1870లలో కట్టి 1927లో రూపం మార్చిన పాత కోర్టుహౌస్ ఇప్పుడు కళాకేంద్రం. సగం పూట చాలు. డెంటన్‌లో 1896 నాటి కోర్టుహౌస్‌లోనే మ్యూజియం ఉంది, బయట పచ్చికలో చెట్ల నీడ. గ్రాన్‌బరీ చాలా అందమైన స్క్వేర్, 1886 నాటి ఆపెరా హౌస్ ఉంది, కానీ ప్లేనో నుంచి కారులో ఎక్కువసేపు కూర్చోవాలి. వెన్నునొప్పి కూడా ఉన్నవాళ్ళకి నేను చెప్పను.

గ్రేప్‌వైన్ సంగతి వేరు. అక్కడ స్క్వేర్ లేదు, పొడుగాటి మెయిన్ స్ట్రీట్. ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలనుకుంటే అలిసిపోతారు. స్టేషన్ దగ్గరి భాగం వరకే పెట్టుకోండి. 2019లో మొదలైన టెక్స్‌రైల్ అక్కడ ఆగుతుంది, ఫోర్ట్‌వర్త్ నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా నడిచే రైలు. ప్లాట్‌ఫామ్, రైలు ఒకే ఎత్తులో ఉంటాయి, రోలేటర్ నేరుగా ఎక్కించొచ్చు. రైలంటే ఇష్టపడే పెద్దవాళ్ళకి ఒక స్టేషన్‌లో ఎక్కి గ్రేప్‌వైన్‌లో దిగడమే సగం సరదా. తిరుగు రైలు టైములు ముందే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.