బోరునీటి ఇంటికి సోలార్ వాటర్ హీటర్

నలుగురున్న ఇంటికి సాధారణంగా 100 నుంచి 150 లీటర్ల సోలార్ హీటర్ సరిపోతుంది. అయితే పరిమాణం కన్నా ముందు చూడవలసింది నీటిని. హైదరాబాదు శివార్లలోలా బోరునీటిలో ఉప్పు, సున్నం ఎక్కువగా ఉన్నచోట, ఫ్లాట్ ప్లేట్ (చదునైన పలక) రకంలోని సన్నని రాగి గొట్టాల లోపల పొర పేరుకుని నీటి ప్రసరణ మందగిస్తుంది కనుక, గాజు గొట్టాల రకమే మేలు. కోతుల బెడద ఉన్న వీధుల్లో మాత్రం గాజు గురించి మరోసారి ఆలోచించాలి. హీటరును నీడపడని చోట దక్షిణ ముఖంగా వాలుగా బిగించి, చన్నీటి ట్యాంకు దానికన్నా ఎత్తులో ఉండేలా చూడాలి. గొట్టాలపై దుమ్మును ఎండ ఎక్కకముందే తుడవాలి. నీరు లేకుండా ఎండలో కాగిన గొట్టంలోకి ఒక్కసారిగా చన్నీరు వదిలితే అది పగిలే ప్రమాదం ఉంది. హీటరు వేడినీటి ట్యాంకులో, దాన్ని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ ఉంటే ఏటా తీయించి చూసి, బాగా అరిగితే మార్పించాలి. డ్రెయిన్ వాల్వు తెరిచినప్పుడు తెల్లని రజను వస్తే, డీస్కేలింగ్‌కు, అంటే పేరుకున్న సున్నం పొరను తొలగించడానికి, మెకానిక్కును పిలవాలి.