జపాన్ డ్రామాలో చెంపదెబ్బ కోసం వెతక్కండి, జుట్టు చూడండి

జపాన్ డ్రామాల్లో టాక్సిక్ రిలేషన్‌షిప్స్ బాగా చూపిస్తారు చూడవే అంటే మా చెల్లి ఒకటి మొదలెట్టి రెండు ఎపిసోడ్లకే "ఏముందక్కా ఇందులో, ఎవడూ ఎవర్నీ ఏమీ అనట్లేదు" అని ఆపేసింది. మన సీరియల్స్ అలవాటు అది, చెయ్యి లేచిందంటే మూడుసార్లు ఉరుము, ఇంట్లో అందరి మొహాల మీదకీ కెమెరా ఒక్కో రౌండు. అక్కడ అలా ఉండదు, అందుకే ఎక్కడ చూడాలో దానికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. స్పాయిలర్లు ఉన్నాయి, తర్వాత తిట్టుకోవద్దు.

మామూలుగా ఒక్కో డ్రామా పది పదకొండు ఎపిసోడ్లే, వారానికొకటి, మూడు నెలల్లో కథ ఐపోద్ది. సాగదీత లేదు కాబట్టి ఫోన్ నొక్కుకుంటూ చూస్తే అసలుది మిస్సవుతారు, ముఖ్యంగా మొదటి ఎపిసోడ్.

ఫస్ట్ చూడాల్సింది నాగి నో ఒయిటోమా, 2019లో టీబీఎస్ ఛానల్లో వచ్చింది. నాగికి 28 ఏళ్ళు, ఆఫీసులో అందరికీ తలూపే మనిషి, పక్కవాళ్ళ పని నెత్తిన పడినా నవ్వుతూ చేసేస్తది. దీనికి వాళ్ళ దగ్గర ఒక మాటుంది, కూకి ఓ యోము, అంటే గాలిని చదవడం, ఎదుటోళ్ళ మొహం చూసి మసలుకోవడం అన్నమాట. ఈ పిల్లది ఉంగరాల జుట్టు, రోజూ పొద్దున్నే లేచి దాన్ని సాఫీగా స్ట్రెయిట్ చేస్కుంటది. బాయ్‌ఫ్రెండ్ షింజి దాన్ని కొట్టడు, అరవడు. ఒకరోజు ఆఫీసులో వాడు కొలీగ్స్‌తో నవ్వుతూ, ఒంటి సుఖం కోసమే దాంతో ఉన్నా అన్నట్టు మాట్లాడ్డం చెవిన పడుతుంది, అంతే, నాగికి ఊపిరాడదు, అక్కడే కూలిపోద్ది. తర్వాత ఉద్యోగం మానేసి, అందరితో తెంచుకుని, టోక్యో శివార్లలో తచికావాలో ఏసీ కూడా లేని పాత గదికి వెళ్ళిపోతది. అప్పుడు ఆ జుట్టు చూడండి, బుట్టలా విచ్చుకుని ఉంటది. స్వేచ్ఛ గురించి స్పీచ్ ఉండదు, ఆ జుట్టే స్పీచ్. ఇకనుంచి ప్రతి ఎపిసోడ్లో జుట్టు ఎలా ఉందో చూస్తూ పోతే కథ సగం అర్థమైపోద్ది.

ఇక్కడ ఒక ఉచ్చుంది జాగ్రత్త. షింజి ఆమె దగ్గర నోరు పారేసుకుని, బయటికొచ్చి రోడ్డు మీద చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు, మనకి జాలేస్తది, నాక్కూడా వేసింది, నాలుగో వారానికల్లా పాపం ప్రేమించాడు కదా అనేశా. అది రాగానే వీడియో ఆపి, వాడు ఆమె ముందు ఏమన్నాడు, వెనక ఏం చేశాడు అని రెండూ విడివిడిగా అనుకోండి, ఏడుపు ఆమెకి కనపడలేదు, మాట మాత్రం తగిలింది. పక్కింటి గోన్ ఇంకో రకం, తియ్యగా ఉంటాడు, అందరికీ అదే తీపి పంచుతాడు, వాడి మోజులో పడి నాగి తన రోజంతా వదిలేస్తది. వాళ్ళమ్మ సంగతి అన్నిటికన్నా భయంకరం. చిన్నప్పుడు నాగి మొక్కజొన్న తిననంటే అమ్మ తిట్టదు, నీవల్లే అవి చచ్చిపోయాయి అన్నట్టు మెత్తగా అంటది. ఆ గొంతు విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. చివర్లో నాగి షింజినీ తీస్కోదు గోన్నీ తీస్కోదు, అది చూసి బాధపడేవాళ్ళు మళ్ళీ మొదటి ఎపిసోడ్ చూడండి.

సబ్‌టైటిల్స్‌ని పూర్తిగా నమ్మొద్దు. హస్బెండ్ అని వేస్తారు, వాళ్ళు అనే మాట చాలాసార్లు షుజిన్, అంటే యజమాని. భార్యని కనై అంటారు, అంటే ఇంటి లోపల ఉండేది. నవ్వకండి, మనం "మా ఇంట్లోవాళ్ళని అడిగి చెప్తా" అనట్లా? మగాడు ఒమయె అంటే మన నువ్వు కన్నా ఒక మెట్టు కింద, చనువో పొగరో సీన్ బట్టి తెలుస్తది. చెవి పెట్టి వింటే ఎవరు ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టారో కనిపిస్తది.

ఆ తేడా బాగా పట్టుకోవాలంటే 2016 నాటి నిగెహజి చూడాలి, పూర్తి పేరుకి అర్థం పారిపోవడం సిగ్గే గానీ పనికొస్తుంది అని. మికురి ఉద్యోగం పోయాక హిరమసా ఇంట్లో పనికి చేరి, జీతానికి కాగితం మీద పెళ్ళి చేస్కుంటది. ఇద్దరూ అండి అండి అని పిలుచుకుంటూనే ప్రేమలో పడతారు. పదో ఎపిసోడ్లో మంచి రెస్టారెంట్‌లో ప్రపోజ్ చేస్తాడు, పెళ్ళైతే నీకిచ్చే జీతం మిగులుతుంది అని లెక్క కూడా చెప్తాడు, అప్పుడామె "అది ప్రేమని దోచుకోవడం" అంటది. వాడు చెడ్డోడేం కాదు, ఈ డ్రామా బలమంతా అక్కడే ఉంది. మన ఇళ్ళల్లో పెళ్ళయ్యాక వంటకి జీతం ఎందుకు అనే మాట ఎవరూ అననే అనరు, అదే మామూలు అనుకుంటాం కాబట్టి.

ఇంకా పాతది కావాలంటే లాస్ట్ ఫ్రెండ్స్, 2008. ఇందులో కొట్టేవాడే ఉన్నాడు, ఆఫీసులో పిల్లల సంక్షేమం చూసే ఉద్యోగి. బయట అంత మంచోడు. వాడి గర్ల్‌ఫ్రెండ్ మిచిరు మళ్ళీ మళ్ళీ వాడి దగ్గరికే వెళ్తది, ఎందుకెళ్తున్నావ్ అని స్క్రీన్ మీద అరవకుండా, ప్రతిసారీ వెళ్ళేముందు వాడు ఏం చేశాడో చూడండి. మీకు ఇలాంటివి ఇంట్లో అనుభవం ఉంటే ఇది వదిలేయండి, నిజంగా బరువు.

ఎవడో ఒకడు కాదు, చట్టమే టాక్సిక్ ఐతే ఎలా ఉంటదో చూడాలంటే 2024 ఎన్‌హెచ్‌కే ఛానల్ వాళ్ళ తొర నీ త్సుబస. రోజుకి 15 నిమిషాలు, టిఫిన్ తింటూ ఐపోద్ది. జపాన్ తొలి మహిళా లాయర్లలో ఒకరైన మిబుచి యోషికో జీవితం ఆధారం. పాత సివిల్ కోడ్‌లో పెళ్ళైన ఆడది చట్టం ముందు అసమర్థురాలు, ఆస్తి మొగుడి చేతిలో. మొదట్లో ఒక కోర్టు సీన్‌లో భార్య విడాకుల మధ్య తన కిమోనోల కోసం దావా వేస్తది, తన బట్టలు తనకి ఇవ్వమని, అంతే. హీరోయిన్ తొమోకో నచ్చనిది వినగానే "హతే?" అంటది, మన "అదేంటీ?" లాగ.

నేనైతే నాగి తర్వాత నిగెహజి, తర్వాత తొర అని చూడమంటా, లాస్ట్ ఫ్రెండ్స్ చివరికి పెట్టండి. ఇదంతా విన్నాక మా చెల్లి మళ్ళీ మొదలెట్టింది, నిన్న రాత్రి ఒకటే మెసేజ్, "అక్కా, షింజి ఏడుస్తున్నాడే".