పాత బోటు కొనేముందు తడి ఎక్కడుందో చూడండి

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్, టెక్సోమా సరస్సులు పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దగ్గరలోనే ఉన్నాయి. రెండు మూడు వేసవులు అద్దె బోటులో తిరిగాక, ఆ డబ్బేదో పెట్టి సొంతంగా ఒకటి కొనుక్కుంటే పోలేదా అన్న ఆలోచన సహజంగానే పుడుతుంది. కొత్తదాని ధర వినగానే చూపు పాతవాటి మీదికి మళ్ళుతుంది. అలా ఎక్కువ మంది చూసేవి పద్దెనిమిది నుంచి ఇరవై రెండు అడుగుల పొడవుండి, ట్రైలర్ మీద ఎక్కించి పికప్ ట్రక్కుతోనో పెద్ద ఎస్‌యూవీతోనో లాక్కుపోగలిగే ఫైబర్‌గ్లాస్ బోట్లు. ఇక్కడ చెప్పేదంతా వాటి గురించే.

కారు కొన్న అలవాటుతో బోటును చూడబోవడం మొదటి పొరపాటు. కారు వయసును అది తిరిగిన మైళ్ళు చెబుతాయి గాని, బోటు విషయంలో తిరిగిన గంటలకంటే తిరగని రోజుల్లో అది ఎక్కడ, ఎలా ఉందన్నదే ముఖ్యం. ఏటా యాభై గంటలు తిరుగుతూ, మిగతా కాలమంతా అడుగున డ్రెయిన్ ప్లగ్ తీసి షెడ్డు కింద ఉంచిన పదేళ్ళ బోటు, మూడేళ్ళుగా పెరట్లో చినిగిన కవరు కింద వాన నీరు పట్టి ఉన్న ఐదేళ్ళ బోటుకంటే ఎంతో నయం. బోటు చుట్టూ నీరుండడం దానికి కొత్త కాదు. చేరకూడని చోట చేరి, ఆరే దారి లేక నిలిచిపోయిన నీరే దానికి చేటు. ఆ తడి చెక్కలో ఉందా, నేల కింది ఫోములో ఉందా, ఇంజన్‌లో ఉందా, గేర్ల ఆయిల్‌లో ఉందా, ట్రైలర్ చక్రాల్లో ఉందా అని వరుసగా వెతుక్కుంటూ పోతే పరీక్షలో ముప్పాతిక వంతు పూర్తయినట్టే.

బయలుదేరే ముందే అమ్మేవారికి ఫోను చేసి, మనం వెళ్ళేవరకు ఇంజన్ స్టార్ట్ చేయవద్దని కోరాలి. చల్లగా ఉన్న ఇంజన్ దాచుకోలేని జబ్బులను ముందే వేడెక్కించిన ఇంజన్ సులువుగా దాచేస్తుంది కాబట్టి, వెళ్ళేసరికి ఇంజన్ పైమూత వెచ్చగా తగిలితే కారణం అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వెంట ఒక టార్చి, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్, చిన్న అయస్కాంతం, తెల్లని పేపర్ టవళ్ళు, ఒక జాకీ ఉంటే చాలు. పగటిపూట వెళ్ళడం ఎలాగూ తప్పదు. వాన వెలిసిన మరునాడు వెళ్ళగలిగితే ఇంకా మంచిది, నీరు ఎక్కడెక్కడ నిలుస్తున్నదో ఎవరూ చెప్పకుండానే కనిపిస్తుంది.

పరీక్ష వెనుకవైపు నుంచి మొదలుపెట్టాలి. ఇంజన్ బరువునూ తోపునూ మోసే వెనుక గోడను ట్రాన్సమ్ అంటారు. 1980లు, 1990ల నాటి బోట్లలో చాలావాటికి ఈ గోడను రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి కట్టారు. తరువాతి కాలంలో కొన్ని కంపెనీలు చెక్క లేని పదార్థాలకు మారినా, అందరూ ఒకేసారి మారలేదు. ఫైబర్‌గ్లాస్ కుళ్ళదు, లోపలి చెక్క కుళ్ళుతుంది. అందుకే పైకి మెరుస్తూ కనిపించే గోడ లోపల గుల్లయి ఉండవచ్చు. చేపల జాడ చూపే పరికరాన్నో, ఈతకు దిగే నిచ్చెననో బిగించడానికి ఎవరో సీలెంట్ పూయకుండా దింపిన ఒక్క స్క్రూ చాలు, ఆ రంధ్రం వెంట నీరు ఏళ్ళ తరబడి చెక్కలోకి ఇంకుతూనే ఉంటుంది.

సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి మోత విన్నట్టే, స్క్రూడ్రైవర్ పిడితో ట్రాన్సమ్ అంతటా రెండంగుళాలకొకసారి తట్టుతూ పోవాలి. గట్టి చెక్క ఉన్నచోట టక్కుమని పలుకుతుంది, కుళ్ళినచోట మోత మందగించి దబ్‌మంటుంది. ఈ తేడా వినడానికి నిపుణుడు కానక్కర్లేదు, బాగున్న చోటు మోతను ముందుగా చెవికి పట్టించుకుంటే చాలు. ట్రాన్సమ్‌కు బయటివైపు తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్ అయితే దాన్ని కొద్దిగా పైకెత్తి ఉంచి, అడుగు భాగం పట్టుకుని కిందికీ పైకీ ఊపుతూ, వెంట వచ్చిన వారిని ట్రాన్సమ్ పై అంచును గమనించమనాలి. ఇంజన్‌తో పాటు గోడ కూడా ఊగినా, మూలల్లో పగుళ్ళు నోరు తెరిచినా లోపల బలం పోయిందని అర్థం. డ్రెయిన్ రంధ్రం అంచు దగ్గర లోపలి చెక్క బయటపడి ఉంటే మొనతో మెల్లగా గుచ్చి చూడాలి. అమ్మేవారు ఒప్పుకుంటే నీటి మట్టానికి కింద ఉన్న ఒక స్క్రూ విప్పి చూడడం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. రంధ్రం నుంచి గోధుమరంగు నీరు ఊరినా, స్క్రూ మరకు నల్లని మెత్తని పొట్టు అంటుకుని వచ్చినా ఇక బేరమాడవలసిన పని లేదు. ట్రాన్సమ్ మార్చాలంటే ఇంజన్ దించి, ఒక పొర కోసి, చెక్కంతా తవ్వి తీసి, మళ్ళీ కొత్తగా కట్టాలి. పాత బోటుకు ఆ కూలి బోటు ధరను మించిపోవచ్చు. ఇంజన్ పాడైతే మరొకటి బిగించుకోవచ్చు గాని, ఒడలే పాడైన బోటును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం.

తరువాత లోపలికి ఎక్కి, స్టీరింగ్ ముందు, వెనుక సీట్ల దగ్గర, నేలలో మూతలున్న చోట్ల మడమ ఆనించి నడవాలి. కాలి కింద మెత్తగా దిగితే నేల పలక ఒక్కటే పోయిందా, దాని కింద బోటు పొడవునా ఉండే స్ట్రింగర్లనే దూలాలు కూడా పోయాయా అన్నది తేల్చుకోవాలి. మొదటిది భరించగల ఖర్చు, రెండవది ట్రాన్సమ్ లాంటిదే. నేల కింద, బోటు మునగకుండా తేల్చడానికి నింపిన ఫోము నానిపోయి ఉంటే పైకి ఏమీ తెలియదు. దానికి ఒక ఉపాయముంది. ట్రక్ స్టాపుల్లో కొద్దిపాటి రుసుముకు లారీలను తూచే కాటా ఉంటుంది; అక్కడ బోటును ట్రైలర్‌తో సహా తూయించి, ట్రైలర్ బరువు, పెట్రోలు బరువు, సామాను బరువు తీసివేసి, మిగిలినదాన్ని కంపెనీ ప్రకటించిన ఖాళీ బరువుతో పోల్చాలి. ఆ ప్రకటించిన బరువులో ఇంజన్ కలిసి ఉందో లేదో చూసుకోవడం మరువరాదు. ఘనపుటడుగు నీరు 62.4 పౌండ్లు తూగుతుంది కాబట్టి, పది ఘనపుటడుగుల ఫోము సగం మేర నీరు పీల్చినా లెక్క 300 పౌండ్లు దాటుతుంది, కాటా దాన్ని దాచదు.

పైనున్న జెల్‌కోట్ పొర మీద సాలెగూడు లాంటి సన్నని గీతలు చాలా బోట్లలో ఉంటాయి. వాటిని చూసి భయపడనక్కర్లేదు. అడుగున మధ్యగీత వెంట సాగే పగులు, ట్రైలర్ దుంగలు ఆనేచోట లోపలికి నొక్కుకుపోయిన గుర్తు, ఒకచోట మాత్రమే కొత్తగా వేసిన రంగు, ఇవి మాత్రం ప్రశ్నలు వేయవలసినవి.

టెక్సస్‌లో ఇంజన్‌ను చూసేటప్పుడు 2021 ఫిబ్రవరిని గుర్తుంచుకోవాలి. ఆ చలి తుఫానులో రాష్ట్రంలో చాలాచోట్ల ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి చాలా కిందికి పడిపోయి రోజుల తరబడి అక్కడే ఉంది. ఔట్‌బోర్డ్ ఇంజన్‌ను నిలువుగా దించి ఉంచితే నీరు దానంతట అదే కారిపోతుంది. బోటు లోపల బిగించే స్టెర్న్‌డ్రైవ్ ఇంజన్లలో మాత్రం నీటిని తీసివేయకపోతే అది బ్లాకులోనే గడ్డకట్టి, ఉబ్బి, ఇనుమును పగలగొడుతుంది. అంతకుముందు తయారైన స్టెర్న్‌డ్రైవ్ బోటు అయితే ఆ చలికాలంలో ఎక్కడుంది, నీరు ఎవరు తీశారని అడగాలి. బ్లాకు పక్కల టార్చి వేసి, తుప్పు గీతలు, బంకతో పూడ్చిన అతుకులు, ఒకవైపే వేసిన కొత్త పెయింటు ఉన్నాయేమో చూడాలి. డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద తుడిచినప్పుడు ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే, పగులు బయటికి కనపడకపోయినా నీరు లోపలికి చేరుతోందన్నమాట.

స్టెర్న్‌డ్రైవ్‌కు మరో బలహీనత ఉంది. ఇంజన్ లోపల, ప్రొపెల్లర్ బయట ఉంటాయి కాబట్టి, వాటిని కలిపే ఇరుసు ట్రాన్సమ్‌లోని రంధ్రం గుండా పోతుంది; ఆ రంధ్రంలోకి నీరు రాకుండా ఆపేది బెలోస్ అనే ముడతల రబ్బరు గొట్టం. అది ఎండి పగిలితే రేవులో కట్టేసిన బోటు కట్టేసినట్టే మునిగిపోతుంది. డ్రైవ్‌ను ఎత్తించి, ముడతల సందుల్లోకి టార్చి వేసి చూసి, ఎప్పుడు మార్చారో రసీదుతో సహా అడగాలి. గాల్వెస్టన్ వైపు సముద్రంలో తిరిగిన బోటైతే ఇంజన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డులను ఉప్పునీరు లోపలినుంచి తినేసి ఉండవచ్చు. వాటిని మార్చిన ఆధారం లేకపోతే మార్చే ఖర్చును ధరలో తగ్గించుకోవాలి.

రెండు రకాల ఇంజన్లకూ తప్పనిసరి పరీక్ష గేర్ ఆయిల్. అడుగున ఉన్న ప్లగ్‌ను విప్పి, నాలుగు చుక్కలు కాగితం మీద పట్టాలి. ఆయిల్ కంటే నీరు బరువైనది కనుక, నీరు చేరి ఉంటే ముందుగా కారేది అదే. ఆయిల్ పాలరంగులో ఉంటే సీళ్ళు పోయినట్టు. ప్లగ్‌కు ఉన్న అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తని పేస్టు ఉండడం మామూలే; చేతికి గుచ్చుకునే ఇనుప రవ్వలుంటే గేర్లు అరిగిపోతున్నాయి. మెకానిక్‌తో కంప్రెషన్ పరీక్ష చేయిస్తే సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. కొత్త తరం ఔట్‌బోర్డ్‌ల కంప్యూటర్ ఎన్ని గంటలు ఏ వేగంలో నడిచిందో కూడా దాచి ఉంచుతుంది కాబట్టి, డీలరు దగ్గర ఆ వివరాలు తీయిస్తే డాష్‌బోర్డు మీది మీటరును నమ్మవలసిన అగత్యం ఉండదు. ఇంటి దగ్గర స్టార్ట్ చేసి చూపిస్తామంటే, గొట్టంతో నీరు పెట్టిన తరువాతే తాళం తిప్పనివ్వాలి. నీరు లేకుండా తిప్పితే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో మాడిపోతుంది.

నీటిలోకి దించకుండా బోటు కొనడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు. దించే ముందు, లోపలికి చేరిన నీరు నిలిచే అడుగు భాగం, అంటే బిల్జ్, పొడిగా ఉందో చూసి ఫోటో తీసుకోవాలి. స్టెర్న్‌డ్రైవ్ అయితే స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలపాటు బ్లోయర్ అనే ఫ్యాను వేసి పెట్రోలు ఆవిరిని బయటికి పంపాలి. మెల్లగా కాసేపు నడిపి, ఉష్ణోగ్రత స్థిరపడ్డాక, మీటరు పూర్తి వేగంలో ఎన్ని ఆర్‌పీఎమ్ చూపుతున్నదో గమనించి, తయారీదారు చెప్పిన పరిధితో పోల్చాలి. అంతవరకు అందుకోలేకపోతే ప్రొపెల్లర్ సరిపడనిదైనా కావచ్చు, ఇంజన్ బలహీనపడి ఉండవచ్చు, లేదా ముందు చెప్పిన ఫోము నీటి బరువే వెనక్కి లాగుతూ ఉండవచ్చు. స్టీరింగ్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి చూసినప్పుడు గుర్రుమన్న శబ్దం వస్తే, స్టెర్న్‌డ్రైవ్ అయితే ఇరుసును మోసే గింబల్ బేరింగ్‌ను అనుమానించాలి. 2009లో టెక్సోమాలో బయటపడిన జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలు ఇతర సరస్సులకు పాకకుండా, బోటులోని నీటినంతా తీసివేయాలన్న నిబంధన టెక్సస్‌లో ఉంది; అది కొనేవారికి కూడా పనికివస్తుంది. ఒడ్డుకు లాగి ప్లగ్ తీసినప్పుడు ఎంత నీరు కారుతుందో నిలబడి చూడండి. కప్పుడు నీళ్ళు కారితే పరవాలేదు. ధార ఆగకుండా కారుతుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేవరకు ధర మాట ఎత్తకూడదు.

ట్రైలర్‌ను చాలామంది చూడనే చూడరు, కాని హైవే పక్కన ఆగిపోయేది దాని వల్లే. ఎద్దు వయసును పళ్ళు చూసి చెప్పినట్టు, టైరు వయసును దాని పక్కన డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరనున్న నాలుగు అంకెలు చెబుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ట్రైలర్ టైర్లు ఎక్కువకాలం నిలబడే ఉంటాయి గనుక, పువ్వులు అరగకపోయినా ఆరేళ్ళు దాటితే మార్చవలసినవిగానే లెక్కించాలి. జాకీ మీద చక్రాన్ని లేపి తిప్పితే గరగరమనకూడదు, పైనా కిందా పట్టుకుని ఊపితే కదలకూడదు, హబ్ మూత తీస్తే గ్రీజు పాలరంగులో ఉండకూడదు. వేడెక్కిన హబ్బులు నీటిలో మునగగానే చల్లబడి నీటిని లోపలికి పీలుస్తాయి, ఇక్కడా దొంగ అదే.

ధర పెద్దదైతే సామ్స్ (SAMS) లేదా నామ్స్ (NAMS) అనే సర్వేయర్ల సంఘాల్లో సభ్యుడైన మెరైన్ సర్వేయర్‌ను, అంటే బోట్లను పరీక్షించే నిపుణుణ్ణి, పెట్టుకోవడం వృథా ఖర్చు కాదు. అమ్మేవారే సూచించిన సర్వేయర్‌ను మాత్రం ఒప్పుకోవద్దు.

కాగితాల విషయానికి వస్తే, టెక్సస్‌లో బోటుకూ ఔట్‌బోర్డ్ ఇంజన్‌కూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వేర్వేరు టైటిల్‌లు ఇస్తుంది, ట్రైలర్ కాగితాలు మోటారు వాహనాల శాఖవి. పేరు మార్పిడి సమయంలో 6.25 శాతం అమ్మకపు పన్ను కొనేవారే కట్టాలి కాబట్టి బేరంలోనే దాన్ని కలుపుకోవాలి. అప్పు ఉందేమో టైటిల్ మీద చూసి, తీరిపోయిందంటే బ్యాంకు ఇచ్చిన విడుదల పత్రం అడగాలి. ట్రాన్సమ్ బయటివైపు కుడి భాగంలో పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన హల్ నంబరు ఉంటుంది. 1972 నవంబరు నుంచి అది తప్పనిసరి, ఇప్పటి పద్ధతిలో దాని చివరి రెండంకెలు మోడల్ సంవత్సరాన్ని సూచిస్తాయి. ఆ పన్నెండింటినీ టైటిల్‌తో ఒక్కొక్కటిగా సరిపోల్చి, ఒక్క అక్షరం తేడా ఉన్నా, నంబరు చెక్కినచోట గీరిన గుర్తులున్నా, శాఖ కార్యాలయంలో సరిచేయించి తెచ్చేవరకు అడ్వాన్సు కూడా ఇవ్వకండి.