డైనమిక్ వెబ్‌సైట్ కట్టాలా? టూల్స్ ఇలా ఎంచుకోండి

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒక్క రౌండ్ వేస్తే ఫుల్ స్టాక్, మెర్న్ స్టాక్, పైథాన్ అని ఎటు చూసినా బోర్డులే. అవి ఉద్యోగాల కోసం పెట్టిన కోర్సులు, మీ సైట్‌కి ఏం కావాలో వాటిని చూసి తేల్చుకోవద్దు.

డైనమిక్ సైట్ అంటే లోపలి సమాచారం తరచూ మారుతుండేది. ముందు ఒక కాగితం మీద సైట్‌లో ఏమేం మారుతుంటాయి, ఎవరు మారుస్తారు అని రాసుకోండి. ఫోన్ నంబరు, అడ్రసు, నాలుగు ఫొటోలు, అంతేనా? అయితే ఒకసారి రాసి పెట్టేసే మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు చాలు, డబ్బులు మిగులుతాయి.

కూకట్‌పల్లిలో పచ్చళ్ల షాపు అనుకుందాం. స్టాక్ రోజూ మారుతుంది, మార్చేది కోడింగ్ రాని ఓనరమ్మ. అక్కడ కోడింగ్ రాకపోయినా సైట్ నడుపుకోనిచ్చే వర్డ్‌ప్రెస్, దాని మీద అమ్మకాల కోసం వూకామర్స్ అనే ప్లగిన్ (అదనపు పని జోడించే ప్రోగ్రాం) వేసేయండి. వర్డ్‌ప్రెస్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ (సమాచారం దాచే చోటు) మీద నడిచేది కాబట్టి చవక షేర్డ్ హోస్టింగ్‌లోనూ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) పెట్టుకోవచ్చు, పైగా 2003 నుంచి ఉన్నది, చెడితే బాగుచేసేవాళ్లు తేలిగ్గా దొరుకుతారు. కనిపించిన ప్లగిన్ అల్లా ఎక్కించకండి, అప్‌డేట్ లేని పాత ప్లగిన్‌లోంచే హ్యాకర్లు దూరుతుంటారు.

అదే కోచింగ్ సెంటరైతే కథ వేరు. హాజరు, ఫీజు బాకీలు, తల్లిదండ్రులకు వేరే లాగిన్, ఇవన్నీ వర్డ్‌ప్రెస్‌తో బలవంతంగా చేయించే బదులు కోడ్ రాసి సైట్ కట్టుకునే ఫ్రేమ్‌వర్కులు, పైథాన్‌లో జాంగోనో పీహెచ్‌పీలో లారావెల్‌నో తీసుకోండి. నా ఓటు జాంగోకే, ఎందుకంటే డేటా టేబుళ్లు కోడ్‌లో రాసి రిజిస్టర్ చేస్తే ఎంట్రీలు కొట్టే అడ్మిన్ పేజీ దానంతటదే తయారవుతుంది, మిగతా సైట్ పూర్తి కాకముందే ఆఫీసు స్టాఫ్ ఎంట్రీలు కొట్టుకోవచ్చు. కాకపోతే దీనికి వీపీఎస్ (మనకంటూ విడిగా ఇచ్చే వర్చువల్ సర్వర్) లాంటిది కావాలి, దాన్ని చూసుకునే మనిషీ కావాలి. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్ చాటింగ్, లైవ్ ట్రాకింగ్ లాంటి వాటికి బాగుంటుంది. తెర మీద కనిపించే భాగం కట్టే రియాక్ట్ అంటారా, ఒక్క ఎంక్వైరీ ఫారం కోసం అంత హంగామా ఎందుకండీ.

డేటాబేస్ దగ్గర కాస్త ఆగండి. విద్యార్థి, బ్యాచ్, ఫీజు రసీదు ఒకదానితో ఒకటి ముడిపడినవి, కాబట్టి మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్ పెట్టుకోండి, మెర్న్‌లో (మోంగోడీబీ, ఎక్స్‌ప్రెస్, రియాక్ట్, నోడ్ కలిపిన పేరు) ఉంది కదా అని మోంగోడీబీ అనే వేరే రకం డేటాబేస్ వైపు పరుగెత్తొద్దు. తెలుగు పేర్లు ఎక్కించాలంటే మైఎస్‌క్యూఎల్‌లో క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 ఉందో లేదో చూడండి. మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్, 5.7లో డిఫాల్ట్ లాటిన్1, దాన్నలాగే వదిలేస్తే తెలుగు అక్షరాల చోట ప్రశ్న గుర్తులు పడే అవకాశం ఉంది. యూటీఎఫ్8 అని మాత్రమే ఉన్న పాత సెట్టింగ్ ఇంకో తిరకాసు: మూడు బైట్ల తెలుగు అక్షరం పడుతుంది, నాలుగు బైట్ల ఎమోజీ పట్టదు, కస్టమర్ రివ్యూలో ఒక్క స్మైలీ పెడితే సేవ్ దగ్గరే ఎర్రర్ రావచ్చు.

పని బయటివాళ్లకి ఇస్తుంటే డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ రెండూ మీ పేరు మీదే, మీ మెయిల్‌తోనే కొనండి. చివరి పేమెంట్ ఇచ్చే ముందు డేటాబేస్ బ్యాకప్ తీయించి, వేరే సిస్టమ్‌లో ఎక్కించి చూపించమనండి.