పైథాన్ స్వయంశిక్షణ – 9వ పాఠం: విలువ అందని వేరియబుల్

గత పాఠంలో ఫంక్షన్ రాయడం, దానికి విలువలు అందించడం, రిటర్న్ ద్వారా ఫలితాన్ని తిరిగి తీసుకోవడం నేర్చుకున్నాం. ఆ అభ్యాసాలు చేసినవారిలో చాలామందికి ఈపాటికే ఒక ఎర్రర్ ఎదురై ఉంటుంది. ఫలానా పేరు తనకు తెలియదనో, ఫంక్షన్ లోపల మాత్రమే ఉండే ఫలానా లోకల్ వేరియబుల్‌కు ఇంకా విలువ లేదనో పైథాన్ చెప్పి ఆగిపోతుంది. ఈ పాఠమంతా దాని గురించే.

ముందుగా ఒక మాట. ఇక్కడ కోడ్‌ను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను. ఇఫ్, డెఫ్, ప్రింట్ వంటి పైథాన్ సొంత మాటలను మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. వేరియబుళ్ల పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఇందుకు వీలుంది.

పైథాన్‌లో వేరియబుల్‌ను ముందుగా ప్రకటించే పద్ధతి లేదు. సమాన గుర్తుకు ఎడమవైపు పేరున్న వాక్యం నడిచిన క్షణంలోనే ఆ పేరు పుడుతుంది. ఆ వాక్యం ఫైల్‌లో రాసి ఉండటం వేరు, అది నిజంగా నడవడం వేరు. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే: "పైన విలువ ఇచ్చాను కదా" అనుకుంటారు, కానీ ప్రోగ్రాం ఆ లైన్ మీదుగా వెళ్లిందో లేదో చూడరు. ఈ చిన్న ప్రోగ్రాం చూడండి.

మార్కులు = 35
ఇఫ్ మార్కులు > 35:
    ఫలితం = "పాస్"
ఎలిఫ్ మార్కులు < 35:
    ఫలితం = "ఫెయిల్"
ప్రింట్(ఫలితం)

దీన్ని 60తో పరీక్షిస్తే పాస్ అంటుంది, 20తో పరీక్షిస్తే ఫెయిల్ అంటుంది. పదో తరగతిలో గట్టెక్కించే 35 మార్కులే ఇస్తే మాత్రం చివరి లైన్ దగ్గర నేమ్ ఎర్రర్ (పేరు తెలియదనే ఎర్రర్) వస్తుంది. కాగితం తీసుకుని లైన్ లైన్‌కూ ఏం జరిగిందో రాయండి. 35 అనేది 35 కంటే ఎక్కువ కాదు కనుక మొదటి శాఖ నడవలేదు. తక్కువా కాదు కనుక రెండోదీ నడవలేదు. ఫలితం అనే పేరు పుట్టకుండానే ప్రోగ్రాం ప్రింట్ దగ్గరికి చేరింది. ఎర్రర్ చూపించిన లైన్ చివరిది, తప్పు ఉన్నది రెండో లైన్‌లో. అక్కడ ఎక్కువ లేదా సమానం అనే గుర్తు వాడి, ఎలిఫ్ స్థానంలో ఎల్స్ రాస్తే ఏ శాఖకూ చెందని విలువ ఇక మిగలదు.

ఈ ఎర్రర్ రాగానే చాలామంది ప్రోగ్రాం పైభాగంలో ఫలితం = "" అని ఒక లైన్ చేర్చి ఊరుకుంటారు. ఎర్రర్ పోతుంది, 35 వచ్చిన విద్యార్థికి ఖాళీ ఫలితం అచ్చవుతుంది. ఇది సరిచేయడం కాదు, తప్పును కప్పిపెట్టడం. నిజంగా అర్థమున్న తొలి విలువ ఉన్నప్పుడు, అంటే కూడికలో మొత్తం సున్నాతో మొదలైనట్టుగా, ముందే విలువ ఇవ్వడం సరైన పని. ఎర్రర్ నోరు నొక్కడానికి మాత్రం ఇవ్వకండి.

అదే తప్పును ఇప్పుడు లూప్‌లో పెట్టి చూద్దాం. 52, 28, 35, 71 అనే నాలుగు మార్కులను ఫర్ లూప్‌తో ఒక్కొక్కటిగా తీసుకుని, పై ఇఫ్, ఎలిఫ్, ప్రింట్ లైన్లను లూప్ లోపల ఉంచండి. ఈసారి ఎర్రరే రాదు! పాస్, ఫెయిల్, ఫెయిల్, పాస్ అని అచ్చవుతుంది. మూడో విద్యార్థికి ఏ శాఖా నడవలేదు కనుక రెండో విద్యార్థి దగ్గర మిగిలిన "ఫెయిల్" అతనికి అంటుకుంది. జాబితాలో 35ను మొదట పెట్టి ఉంటే ఎర్రర్ వచ్చి ఉండేది. నన్నడిగితే, ఆగిపోయే ప్రోగ్రాం కంటే ఇలా నిశ్శబ్దంగా తప్పు చెప్పేదే ప్రమాదకరం. ఒక పిల్లవాడి ఫలితం తారుమారైనా ఎవరికీ తెలియదు. ఈ లెక్కను ఫంక్షన్‌లో రాసి ఒక్కో విద్యార్థికి ఒక్కోసారి పిలిస్తే, ప్రతి పిలుపులోనూ లోకల్ వేరియబుళ్లు కొత్తగా మొదలవుతాయి కనుక పాత విలువ అంటుకోదు, తప్పు వెంటనే ఎర్రర్‌గా బయటపడుతుంది.

ఫంక్షన్ లోపల వచ్చే ఈ ఎర్రర్ పేరు అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్. ఇది నేమ్ ఎర్రర్‌లో ఒక రకమే. పైథాన్ 3.11 నుంచి దీని సందేశపు మాటలు మారాయి కనుక పాత పుస్తకంలో ఉన్నదీ మీ తెర మీద కనిపించేదీ వేరుగా ఉండవచ్చు; రెండింటి అర్థమూ ఒక్కటే. ఇది శాఖ నడవకపోవడం వల్లనే కాక మరో కారణం వల్ల కూడా వస్తుంది.

మొత్తం = 0
డెఫ్ కలుపు(ధర):
    మొత్తం = మొత్తం + ధర
    రిటర్న్ మొత్తం
కలుపు(40)

పైన సున్నా ఇచ్చాం, ఆ లైన్ నడిచింది కూడా. అయినా మూడో లైన్ దగ్గర ఎర్రర్ వస్తుంది. ఫంక్షన్‌ను నడపకముందే పైథాన్ దాని లోపలి లైన్లన్నీ చదివి, ఎక్కడైనా విలువ అందుకునే పేరు ఉంటే దాన్ని ఆ ఫంక్షన్ అంతటికీ లోకల్ అని నిర్ణయిస్తుంది. కాబట్టి ఇక్కడి "మొత్తం" బయటి "మొత్తం" కాదు. సమాన గుర్తుకు కుడివైపు భాగం ముందు లెక్కకు వస్తుంది. అప్పటికి లోపలి మొత్తానికి విలువ లేదు. దీన్ని కళ్లారా చూడాలంటే ఫంక్షన్‌లో ప్రింట్(మొత్తం) అనే ఒక్క లైనే ఉంచి నడపండి: సున్నా వస్తుంది. ఇప్పుడు దాని కింద మొత్తం = 5 అని చేర్చి మళ్లీ నడపండి. ఇంతవరకు బాగా పనిచేసిన పై లైన్ దగ్గరే ఎర్రర్ వస్తుంది. ఈ ప్రయోగాన్ని చదివి వదిలేయకుండా తప్పకుండా చేసి చూడండి.

దీనికి, బయటి వేరియబుల్‌నే వాడమని ఫంక్షన్ లోపల చెప్పే గ్లోబల్ అనే మాట ఒక మార్గం. కానీ నేర్చుకునే దశలో దాన్ని అలవాటు చేసుకోవద్దంటాను, ఎందుకంటే ఏ ఫంక్షన్ ఎప్పుడు ఆ విలువను మార్చిందో వెతకడం తర్వాత కష్టమవుతుంది. ఫంక్షన్‌ను మొత్తం, ధర అనే రెండు విలువలు తీసుకునేలా రాసి, మొత్తం = కలుపు(మొత్తం, 40) అని పిలవడం మేలు.

మిగతా కారణాలు త్వరగా చెప్పుకోవచ్చు. ఖాళీ జాబితా మీద ఫర్ లూప్ ఒక్కసారి కూడా తిరగదు కనుక లూప్ లోపల పుట్టాల్సిన పేరు పుట్టదు. ఎర్రర్ రావచ్చనుకున్న లైన్లను ఉంచే ట్రై శాఖలో ఫైల్ తెరుచుకోకపోతే, దాన్నుంచి చదివి నింపాల్సిన వేరియబుల్‌కూ అదే గతి. ఒకచోట మొత్తం అని, మరోచోట మొత్తము అని రాసినా పైథాన్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు, 3.10 నుంచి ఇలాంటి సందర్భాల్లో దగ్గరగా ఉన్న పేరును అదే సూచిస్తుంది.

వెతికేటప్పుడు ఎర్రర్ సందేశంలోని చివరి లైన్ నుంచి పేరును, దాని పైనున్న లైన్ల నుంచి స్థలాన్ని తీసుకోండి. తర్వాత ఆ పేరు సమాన గుర్తుకు ఎడమవైపు వచ్చిన చోట్లన్నీ గుర్తు పెట్టి, "ఈ లైన్‌ను తాకకుండా కిందికి దిగే దారి ఉందా?" అని ఒక్కోదాన్నీ అడగండి. అనుమానమున్న శాఖ లోపల ఒక ప్రింట్ పెడితే అది నడిచిందో లేదో తేలిపోతుంది. పైథాన్ 3.7 నుంచి బ్రేక్‌పాయింట్ అనే ఫంక్షన్ కూడా ఉంది. దాన్ని ఉంచినచోట ప్రోగ్రాం ఆగి, ఏ వేరియబుల్‌లో ఏముందో మీరు అడిగితే చెబుతుంది.

ఈ వారం అభ్యాసానికి జాబితాలోని పెద్ద సంఖ్యను కనుక్కోవాలని రాసిన ఫంక్షన్ ఇది.

డెఫ్ పెద్దది(జాబితా):
    ఫర్ అంకె ఇన్ జాబితా:
        ఇఫ్ అంకె > గరిష్ఠం:
            గరిష్ఠం = అంకె
    రిటర్న్ గరిష్ఠం

జాబితాలో సంఖ్యలున్నా ఇది ఎందుకు ఆగిపోతుందో రాయండి. గరిష్ఠం = 0 అని మొదట్లో చేర్చి, -4, -9 ఉన్న జాబితాతో నడిపి ఏం వచ్చిందో చూడండి. ఖాళీ జాబితా ఇస్తే ఈ ఫంక్షన్ ఏం చెప్పాలో మీరే నిర్ణయించి, దాన్ని కోడ్‌లో రాయండి. 10వ పాఠం మీ జవాబులతోనే మొదలవుతుంది.