విదేశంలో ఉద్యోగమా? తేదీల లెక్క మీరే చూసుకోండి

విదేశంలో ఉద్యోగం వచ్చిందనగానే అందరూ సూట్‌కేసులు, కోట్లు, టికెట్ల మీద పడతారు. అవి అక్కడికి వెళ్లాకైనా కొనుక్కోవచ్చు. ముందు కాగితాల సంగతి చూడండి. డిగ్రీ పట్టా, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ లాంటివి పరాయి దేశపు ఆఫీసులో చెల్లాలంటే చాలాచోట్ల అపోస్టిల్ (కాగితం అసలైనదేనని ధ్రువీకరించే ముద్ర) అడుగుతారు. అది ఇచ్చేది ఆ కాగితం ఏ దేశానిదో ఆ దేశమే, కాబట్టి విమానం ఎక్కకముందే ఆ పని అయిపోవాలి, అక్కడికెళ్లాక ఊరి నుంచి ఎవరిచేతనో చేయించుకోవడం పెద్ద తలనొప్పి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య చాలావరకు ఈ ఒక్క ముద్ర సరిపోతుంది. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశపు ఎంబసీ చుట్టూ కూడా తిరగాలి. కెనడా 2024 జనవరిలో ఈ ఒప్పందం కిందికి వచ్చింది, అందుకని అంతకుముందు వెళ్లిన స్నేహితులు చెప్పిన పద్ధతి ఇప్పుడు వర్తించకపోవచ్చు. ఎంబసీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ఇక తేదీలు. వీటిని మాత్రం దయచేసి హెచ్‌ఆర్‌కో ఏజెంటుకో వదిలేయకండి. వాళ్లు చూసే ఫైళ్లు చాలా ఉంటాయి, గడువు దాటితే రికార్డు పాడయ్యేది మాత్రం మీదే. ముఖ్యంగా వీసా మీద ఉన్న తేదీ వేరు, ఆ దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు వేరు. అమెరికాలో దీనివల్లే చాలామంది దెబ్బతింటారు: వీసా స్టాంపు దేశంలోకి అడుగుపెట్టడానికి మాత్రమే, ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94 రికార్డు. పాస్‌పోర్టు గడువు దగ్గర పడినప్పుడు వెళ్తే, వీసా ఇంకా రెండేళ్లు ఉన్నా ఐ-94ని పాస్‌పోర్టు అయిపోయే తేదీకే కుదించి ఇవ్వొచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి చేరగానే ఆన్‌లైన్‌లో ఐ-94 తీసి ఆ తేదీ ఒకసారి చూసుకోండి, రెండు నిమిషాల పని. పాస్‌పోర్టును కూడా గడువు చివరిదాకా లాగకండి, చాలా దేశాలు ఇంకా ఆరు నెలలు చెల్లుబాటు ఉంటేనే రానిస్తాయి.

ఆఫర్ లెటర్‌లో జీతం అంకె చూసి సంతకం పెట్టేయకండి. ఆ వీసా ఈ ఒక్క కంపెనీకే ముడిపడి ఉందా, ఉద్యోగం పోతే ఇంకెన్ని రోజులు ఉండనిస్తారు, మధ్యలో మానేస్తే రీలొకేషన్ డబ్బు వెనక్కి కట్టాలా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. అమెరికా హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 అంతకన్నా ముందే అయిపోతే అప్పటిదాకానే. ఇంకో మాట, యజమాని మీ పాస్‌పోర్టు 'భద్రంగా దాచిపెడతాను' అంటే ఇవ్వకండి. వీసా పనికి ఇవ్వాల్సివస్తే పని అవగానే తిరిగి తీసుకోండి. గల్ఫ్ దేశాల్లో యూఏఈ, ఖతార్, సౌదీల్లో కూడా పాస్‌పోర్టు లాగేసుకోవడం నిబంధనలకు విరుద్ధం, అయినా అది జరుగుతూనే ఉంది, బెదిరిపోయి ఊరుకునేవాళ్లే ఎక్కువ.

సెలవుల్లో పక్క దేశాలు తిరగాలని అందరికీ ఉంటుంది. షెంగెన్‌లో (మధ్యలో సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) 29 దేశాలున్నాయి, విజిటర్‌గా వెళ్తే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఆ 29 దేశాల్లో ఒకదానిలో రెసిడెన్స్ పర్మిట్ ఉంటే, ఆ దేశంలో ఉన్న రోజులు లెక్కకు రావు, మిగతావాటిలో మాత్రం ఇదే 90 రోజుల రూలు. ఈ లెక్క ఆరు నెలలకోసారి సున్నాకు వస్తుందని చాలామంది అనుకుంటారు, రాదు. ఉన్న ప్రతి రోజూ అక్కడి నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టాలి, దిగిన రోజు, తిరిగి బయటపడిన రోజు రెండూ కలిపి. ఉదాహరణకు మామూలు సంవత్సరంలో జనవరి 1న దిగి మార్చి 1న వచ్చేస్తే 60 రోజులు వాడేసినట్టు. మళ్లీ మే 1న వెళ్తే మే 30 దాకా ఉండొచ్చు, 31న ఇంకా అక్కడే ఉంటే గడువు దాటినట్టే. జనవరి రోజులు లెక్కలోంచి ఒక్కొక్కటిగా జారిపోవడం జూన్ 30 నుంచి గానీ మొదలవదు. టికెట్ బుక్ చేసేముందే ఇది కాగితం మీద వేసుకోండి, లేదా యూరోపియన్ కమిషన్ సైట్‌లో కాలిక్యులేటర్ ఉంది.

కారు నడపాలనుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మీ లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి, అసలు లైసెన్స్ జేబులో లేకపోతే అదొక్కటీ చెల్లదు. ఇల్లు చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. దిగిన రోజే గోడలు, నేల, కుళాయిలు వీడియో తీసి ఓనరుకు మెయిల్ చేయండి, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గొడవ వస్తే అదే సాక్ష్యం.

అనుకోకుండా పోలీసుల దాకా వెళ్తే టెన్షన్‌లో అర్థంకాని కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా చెప్పాలి, ఆ హక్కు ఉందన్న సంగతి కూడా పోలీసులే చెప్పాలి. కాన్సులేట్ మిమ్మల్ని జైల్లోంచి విడిపించలేదు గానీ లాయర్ల జాబితా ఇస్తుంది, ఇంటికి కబురు చేస్తుంది, పాస్‌పోర్టు పోతే ప్రయాణానికి అత్యవసర పత్రం ఇస్తుంది. వెళ్లిన వారంలోనే కాన్సులేట్‌లో పేరు నమోదు చేసుకోండి, దాని ఫోన్ నంబరు ఇంట్లోవాళ్లకూ ఇవ్వండి.

ఆ దేశం వదిలి వచ్చేసేటప్పుడు బ్యాంకు ఖాతా అన్నిటికన్నా ఆఖరున మూసేయండి. చివరి జీతం, డిపాజిట్, టాక్స్ రిఫండ్ ఒక్కోసారి నెలల తర్వాత పడతాయి. పే స్లిప్పులు, టాక్స్ కాగితాలు, పెన్షన్ నంబరు ఆఫీసు లాగిన్ పోకముందే సొంత మెయిల్‌కు తెచ్చుకోండి.