జన్యుమార్పిడి పంటలపై ‘స్వతంత్ర పరిశోధన’ను పరిశీలించడం ఎలా

జన్యుమార్పిడి పంటలు సురక్షితమా కాదా అన్న వాదనలో రెండు పక్షాలూ తాము చూపే పరిశోధనే స్వతంత్రమైనదని, ఎదుటివారిది కాదని చెబుతూ ఉంటాయి. ఆ మాటను గుడ్డిగా నమ్మకుండా, అలాగని కొట్టిపారేయకుండా, ఒక పరిశోధనా పత్రాన్ని సామాన్య పాఠకుడు ఎలా పరీక్షించుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు జీవశాస్త్రంలో పట్టా అక్కర్లేదు కానీ పత్రం పూర్తి ప్రతి దగ్గర ఉండాలి. దాని గురించి వచ్చిన వార్త ఒక్కటే చదివితే సరిపోదు.

పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారన్న ప్రశ్న అందరికీ తడుతుంది. అంతకంటే ముందు అడగవలసింది విత్తనం ఎవరి అనుమతితో వచ్చిందని. ఈ విత్తనాలకు పేటెంట్లు ఉంటాయి. అమెరికాలో విత్తనం కొనేవారు సంతకం చేసే ఒప్పందాల్లో, దానిపై పరిశోధన చేయరాదన్న షరతు కూడా ఉండేది. 2009 ఫిబ్రవరిలో మొక్కజొన్న పురుగులపై పనిచేసే 26 మంది శాస్త్రవేత్తలు, ఈ ఒప్పందాల వల్ల అనేక కీలక ప్రశ్నలపై నిజమైన స్వతంత్ర పరిశోధన చట్టబద్ధంగా చేయడానికి వీల్లేకుండా పోయిందని ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థకు రాశారు. తమ పనికి అవే కంపెనీల సహకారం అవసరం కాబట్టి తమ పేర్లు బయటపెట్టవద్దని కూడా వారు కోరారు. గమనించవలసిన సంగతేమిటంటే, వారిలో ఎవరూ ఈ సాంకేతికతకు వ్యతిరేకులుగా ఆ లేఖ రాయలేదు. వారి అభ్యంతరమంతా తలుపు తాళం ఒకరి చేతిలోనే ఉండటంపైనే. ఆ తర్వాత కంపెనీలు విశ్వవిద్యాలయాలతో విస్తృత పరిశోధనా ఒప్పందాలు చేసుకున్నాయి. పరిస్థితి మెరుగైన మాట నిజమే అయినా, ఆ వెసులుబాటు కంపెనీ ఇచ్చిన అనుమతే తప్ప పరిశోధకుడికి చట్టం ఇచ్చిన హక్కు కాదు. అందువల్ల పత్రంలో ప్రయోగ సామగ్రిని వివరించే భాగాన్ని తెరిచి, విత్తనం ఎక్కడి నుంచి వచ్చింది, ప్రచురణకు ముందు ఫలితాలను చూసే అధికారం ఎవరికైనా ఉందా అన్నవి వెతకండి. ఆ వివరాలు లేకపోతే ఆ లోటును గుర్తుపెట్టుకుని ముందుకు సాగండి.

ఇప్పుడు డబ్బు విషయానికి వద్దాం. రచయితలకు ఎవరితో ఆర్థిక, వృత్తి సంబంధాలున్నాయో చెబుతూ పత్రం చివర ఉండే ప్రయోజనాల ప్రకటనతో పాటు, రచయితల పేర్ల కింద ఉన్న సంస్థల చిరునామాలనూ చదవాలి. ఆరోగ్య, పోషక పరీక్షలకు సంబంధించిన 94 పత్రాలను పరిశీలించి 2011లో వెలువడిన ఒక విశ్లేషణలో, రచయితల్లో ఎవరైనా పరిశ్రమకు చెందినవారైతే ఫలితం ఆ పంటకు అనుకూలంగా ఉండటం స్పష్టంగా కనిపించింది. నిధుల మూలానికీ ఫలితానికీ మధ్య మాత్రం అలాంటి సంబంధం తేలలేదు. పైగా కంపెనీ డబ్బుతో జరిగిన పరీక్షే కంపెనీ ఉత్పత్తిని ఆపేసిన సందర్భమూ ఉంది. పశుదాణా పోషక విలువ పెంచడానికి పయనీర్ అనే విత్తన సంస్థ బ్రెజిల్ నట్ అనే గింజ జన్యువును సోయాలో చేర్చగా, ఆ గింజ పడనివారి రక్తరసితో నెబ్రాస్కా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చేసిన పరీక్షలో అలర్జీ కారకం సోయాలోకి వచ్చినట్టు తేలింది. ఆ ఫలితం 1996లో ప్రచురితమైంది, ఆ సోయా మార్కెట్‌కు రాలేదు. కాబట్టి నిధుల మూలాన్ని అనుమానించడానికి కారణంగా తీసుకోవచ్చు గాని తీర్పుగా తీసుకోకూడదు. ఈ పంటలను వ్యతిరేకించే సంస్థల డబ్బుతో జరిగిన పరిశోధనకూ ఇదే కొలత వర్తిస్తుంది.

తర్వాత చూడవలసింది దేనితో పోల్చారన్నది. జన్యువు చేర్చిన రకాన్ని, అదే వంశంలో ఆ జన్యువు లేని రకంతో, ఒకే చోట, ఒకే కాలంలో పండించి పోల్చాలి. ఆస్ట్రేలియాలో చిక్కుడు జన్యువు చేర్చిన బఠానీ ఎలుకల్లో రోగనిరోధక ప్రతిచర్య కలిగించిందని 2005లో వెల్లడైంది, ఆ పంట పని ఆగిపోయింది. 2013లో మరో బృందం మామూలు బఠానీలను, చిక్కుళ్లను కూడా కలిపి పరీక్షించినప్పుడు ఎలుకలు వాటికీ అలర్జీ చూపాయి. పోలికకు పెట్టినవి మారగానే ఫలితానికి అర్థమే మారిపోయింది.

అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసింది జంతువుల సంఖ్యపైన. 2012 సెప్టెంబరులో ఫ్రెంచ్ శాస్త్రవేత్త సెరలినీ బృందం, కలుపుమందును తట్టుకునేలా జన్యువు మార్చిన ఎన్‌కే603 అనే రకం మొక్కజొన్న తిన్న ఎలుకల్లో కంతులు పెరిగాయని రెండేళ్ల పరీక్ష ఆధారంగా ప్రకటించింది. మొత్తం 200 ఎలుకలు అనగానే ప్రయోగం పెద్దదే అనిపిస్తుంది. కానీ వాటిని 20 గుంపులుగా విడగొట్టడంతో ఒక్కో గుంపులో మిగిలినవి పదే. పైగా ప్రయోగానికి వాడిన స్ప్రేగ్ డాలీ ఎలుకలకు వయసు పైబడే కొద్దీ ఏ కారణమూ లేకుండానే కంతులు ఎక్కువగా వస్తాయి. క్యాన్సర్ పరీక్షలకు ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) మార్గదర్శకాలు ఒక్కో గుంపులో ఆడవి 50, మగవి 50 ఉండాలనడానికి కారణం ఇదే. కంపెనీల 90 రోజుల పరీక్షల్లోనూ విశ్లేషించినవి పదేసి ఎలుకలనే కదా అన్నది సెరలినీ సమాధానం. అందులో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే చిన్న గుంపులో హాని కనబడకపోవడం హాని లేదనడానికి బలమైన రుజువు కాదు. అయితే ఆ సమాధానం కంపెనీల పరీక్షలను బలహీనపరుస్తుందే తప్ప ఆయన పరీక్షను బలపరచదు. సెరలినీ పత్రాన్ని, అచ్చువేసిన శాస్త్ర పత్రికే 2013 నవంబరులో ఉపసంహరించుకుంది. మోసం జరిగిందని కాదు, ఫలితాలు ఏ నిర్ధారణకూ చాలవని కారణం చెప్పింది. 2014లో అది వేరే పత్రికలో మళ్లీ అచ్చయింది. ఆ తర్వాత ఐరోపా సమాఖ్య ప్రజాధనంతో అదే మొక్కజొన్నపై రెండేళ్ల పరీక్షను మరింత పెద్దగా చేయించగా, హాని ఉన్నట్టు తేలలేదు. ఇంకొక సంగతి: మొదటి పత్రాన్ని ముందుగా అందుకున్న విలేకరులు, విడుదలకు ముందు ఇతర నిపుణుల అభిప్రాయం అడగబోమని సంతకం చేయవలసి వచ్చింది. అలాంటి షరతుతో వచ్చిన వార్తను, ఏ పక్షానిదైనా సరే, కొన్నాళ్లు పక్కన పెట్టడం మంచిది.

ముడి గణాంకాలు అందుబాటులో ఉన్నాయో లేదో కూడా చూడండి. మోన్863 అనే జన్యుమార్పిడి మొక్కజొన్నపై దాని తయారీ కంపెనీ చేసిన ఎలుకల పరీక్ష పూర్తి నివేదిక బయటకు రావడానికి 2005లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ న్యాయస్థానం ఆదేశం అవసరమైంది. 2021 మార్చి నుంచి అమలైన ఐరోపా నిబంధనల ప్రకారం, అనుమతి కోసం సమర్పించే పరీక్షలను ఆహార భద్రతా సంస్థ తనంతట తానే బహిరంగపరచాలి.

ప్రయోగశాల ఫలితాన్ని పొలానికి నేరుగా అన్వయించకండి. పురుగులను చంపే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన ఆకులు తిన్న మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగుల్లో 44 శాతం నాలుగు రోజుల్లో చనిపోయాయని 1999లో ప్రచురితమైంది. ఆ తర్వాత అమెరికా వ్యవసాయ శాఖ, విత్తన పరిశ్రమ ఉమ్మడి నిధులతో పొలాల్లో పుప్పొడి ఎంత పడుతుందో కొలిచారు. చాలా రకాల వల్ల ముప్పు స్వల్పమని, బీటీ176 అనే రకం పుప్పొడి మాత్రం నిజంగానే హానికరమని 2001లో తేలింది. మొదటి పత్రం అబద్ధం కాలేదు. దానివల్ల అడగవలసిన ప్రశ్న బయటపడింది.

ఏ ఒక్క పత్రంతోనూ ఆగిపోకుండా సమగ్ర సమీక్షలు చదవాలని చెప్పడం తేలికే గాని, వాటినీ జాగ్రత్తగానే చదవాలి. 2016లో అమెరికా జాతీయ అకాడమీలు 900కు పైగా అధ్యయనాలను పరిశీలించి, అప్పటికి మార్కెట్లో ఉన్న పంటల ఆహారం మామూలు ఆహారం కంటే ఎక్కువ ప్రమాదకరమనడానికి నిరూపితమైన ఆధారం లేదన్నాయి. ఆ మాట అప్పటి పంటలకే వర్తిస్తుంది. కొత్త లక్షణంతో వచ్చే ప్రతి పంటనూ విడిగా పరీక్షించాలి. అలాంటి కొత్త పంట గురించి తెలుసుకోవాలంటే ఐరోపా ఆహార భద్రతా సంస్థ అభిప్రాయ పత్రంతో పాటు, దానికి జతచేసే సభ్య దేశాల వ్యాఖ్యలను, వాటికిచ్చిన జవాబులను చదవండి. శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడ విభేదించారో అసలు పత్రంలో కంటే ఆ అనుబంధంలోనే తేటగా తెలుస్తుంది.